ఒకరికి కొలత

జూలై 6

వదినకి,

ఫోన్ చెయ్యొద్దన్నావు కాబట్టి రాస్తున్నాను. "రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేశాక ఇల్లు ఇంకా ఖాళీ అయిపోతుంది, ఉత్తరమైతే దిండు కింద పెట్టుకోవచ్చు" అన్నావు చూడు, ఆ మాట పట్టుకుని ఈ ఆదివారం కాగితం ముందేసుకుని కూర్చున్నాను. మిల్లు స్టోరులో పద్దెనిమిదేళ్ళు దూది బేళ్ళ మీద నంబర్లు వేసిన చెయ్యి ఇది. ఉత్తరాలకి అలవాటు పడటానికి కొన్నాళ్ళు పడుతుంది.

ఇక్కడ నా పనేమిటని అడిగావు కదా. సరిహద్దు అవతల గొడవలకి ఇల్లూ వాకిలీ వదిలేసి వచ్చినవాళ్ళని మొదటి ఆరు నెలలు ఉంచే చోటు ఇది. ఒకప్పుడు బస్సులు నిలబెట్టే షెడ్డు. మధ్యలో చెక్క పలకలు కొట్టి నలభై గదులు చేశారు. గదికో కరెంటు పొయ్యి, ఒక మంచం, ఒక బల్ల. వారానికోసారి గది గదికీ బియ్యం, పప్పు, నూనె, పాలపొడి పొట్లాలు ఇస్తాం. బలహీనంగా ఉన్నవాళ్ళకి బలానికి వేరే పిండి కూడా ఇస్తాం. ఎవరు తింటున్నారో, ఎవరికి చాలడం లేదో అడిగి కార్డులో రాసుకోవడం నా వంతు. అంటే మళ్ళీ గుమాస్తా పనే. బేళ్ళు పోయి మనుషులు వచ్చారు, అంతే తేడా.

నిన్న ఒక బస్సులో ముప్పై మంది దిగారు. పన్నెండు రోజులు నడిచారట. మేం జాలిపడి కడుపునిండా పెట్టాం. సాయంత్రానికి సగంమందికి వాంతులు. మా పర్యవేక్షకురాలు తల పట్టుకుని కూర్చుంది. నాకు నువ్వే గుర్తొచ్చావు. పెద్దాసుపత్రి వంటశాలలో ఇరవై ఆరేళ్ళు హెడ్ కుక్‌గా చేసినదానివి, రోగులకి పెట్టే జావ కొలత రాసి పంపు. త్వరగా పంపు.

నా గది కిటికీ తీస్తే ఎదురుగా గోడ. పొద్దున్నుంచి నలభై గదులవాళ్ళతో మాట్లాడి, ఇక్కడికొచ్చి తలుపేసుకున్నాక నాతో మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరు. మొన్న చెంచా కింద పడితే దానితో ఏదో అన్నాను.

తిన్నావా? వేళకి తింటున్నావా?

నీ ఆడపడుచు


జూలై 15

గుమాస్తా గారికి,

ఉత్తరం అందింది. దస్తూరీకేం, బాగానే ఉంది. అక్షరాలు బేళ్ళలాగే ఉన్నాయి, ఒక్కోటీ లాక్కుంటూ చదివాను.

వంటంటే జాలిపడటం కాదమ్మాయ్. రోజుల తరబడి పస్తున్న కడుపులో ఒక్కసారిగా వేస్తే ప్రాణం మీదకొస్తుంది. మొదటిరోజు గిన్నెడు కాదు, కప్పుడు. రెండు గంటలకోసారి. ఇంకా కావాలని చేతులు చాపినా సరే, తిట్టినా సరే, కప్పుడే. నన్ను తిట్టనివాళ్ళు మా వార్డుల్లో లేరు. డిశ్చార్జి అయ్యేటప్పుడు వాళ్ళే వచ్చి చెప్పి వెళ్ళేవాళ్ళు.

కొలత రాసుకో. ముప్పైమందికి ఒక పూటకి వేయించిన బియ్యప్పిండి కిలో, వేయించిన పప్పుపిండి పావు కిలో. ముందు చల్లని నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి తర్వాత పొయ్యెక్కించాలి. మరిగే నీళ్ళలో పిండి పోశావో, గోలీలు మింగిస్తావు జనంచేత. దించాక పాలపొడి, నాలుగు గరిటెల నూనె, కాస్త పంచదార, చిటికెడు ఉప్పు. గరిటె ఎత్తితే తీగలా జారాలి, ముద్దగా పడకూడదు. మూడోరోజుకి చిక్కబరుచు, అయిదోరోజుకి మెత్తన్నం. ఇంకా ఎక్కువమందికైతే లెక్క హెచ్చవేసుకోవడం నీకు నేర్పక్కర్లేదు.

ఇక్కడ విశేషాలేమున్నాయి. పక్కింటి కుట్టుపని ఆవిడ పదింటికి కుక్కర్ పెడుతుంది. గోడ సన్నం కదా, మూడు విజిల్స్ వినపడతాయి. నిన్న అయిదొచ్చాయి, ఎవరో చుట్టాలు వచ్చుంటారు. మన వంటింటి కుళాయి కారుతోంది. మీ అన్నయ్య ఉంటే గుడ్డముక్క చుట్టి, బాగుచేసేశానని చెప్పుకునేవాడు. నేనూ గుడ్డముక్కే చుట్టాను.

నేను తిన్నాను. రోజూ తింటున్నాను. నా సంగతి పెట్టుకోకు.

నువ్వు తిన్నావా?

వదిన


ఆగస్టు 4

వదినకి,

నీ జావ ఇక్కడ పేరు మోసింది. అందరూ "వదిన జావ" అంటున్నారు. వదినంటే ఏమిటో ఇక్కడివాళ్ళకి తెలియదు, అదేదో ధాన్యం అనుకుంటున్నారు. మొన్న పర్యవేక్షకురాలు సరుకుల జాబితాలో "వదిన, పది కిలోలు" అని రాసింది. అంత తేలిగ్గా దొరికే సరుకు కాదని చెప్పాను.

మొదటి బస్సువాళ్ళు అప్పటికే తేరుకున్నారు, నీ కొలత అందిన మర్నాడు ఇంకో బస్సులో దిగిన ముప్పైమందీ నిలదొక్కుకున్నారు. నేనే దగ్గరుండి కప్పులు పోశాను. ఒక ముసలాయన నీ లెక్క ప్రకారమే తిట్టాడు. ఏం తిట్టాడో నాకు తెలియదు, మా దుబాసీకి తెలుసు, ఆయన చెప్పలేదు. దుబాసీ అంటే గడియారాలు బాగుచేసే పెద్దాయన. ఇరవై ఏళ్ళ కిందట ఆయనా ఇలాగే వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడ్డాడట. పొద్దున రెండు గంటలు వచ్చి మాటలు అటూ ఇటూ చేసి దుకాణానికి వెళ్ళిపోతాడు. ఆయన వెళ్ళిపోయాక నేను మూగదాన్ని. అందుకని ఆయన దగ్గర వాళ్ళ మాట ఒకటి నేర్చుకున్నాను. "తిన్నారా?" అన్న మాట. ఇప్పుడు దుబాసీ అక్కర్లేకుండా నేనే గది గదికీ వెళ్ళి అడుగుతున్నాను. మొహాలు విప్పారతాయి వదినా. "తిన్నాం" అని తలూపుతారు. కార్డులో టిక్కు పెట్టుకుంటాను. ఈ ఊరొచ్చాక నాకు వచ్చిన ఒకే ఒక్క పలకరింపు అది.

పదిహేడో గదిలో ఒక పంతులమ్మ ఉంది. వాళ్ళ దేశంలో బడిలో చెప్పేదట. ఎనిమిది నెలల పాప చంకలో ఉంది. భర్తా, పెద్దకూతురూ దారిలో విడిపోయి వెనక ఉండిపోయారు. ఎప్పుడు వెళ్ళినా గది అద్దంలా ఉంటుంది, పొయ్యి తుడిచి ఉంటుంది. తిన్నారా అంటే నవ్వి తిన్నానంటుంది. మూడువారాలు వరసగా తిన్నామన్నవాళ్ళని బలహీనుల జాబితాలోంచి మామూలు జాబితాలోకి మారుస్తాం. కొత్తగా దిగేవాళ్ళకి ఆ బలం పిండి కావాలి కదా. ఆవిడని మార్చేశాను. ఒక గది గట్టెక్కింది.

ఇంకో మాట. అనుకోకూడదనుకుంటూనే రాస్తున్నాను. ఈ ఉద్యోగం కాగితం వచ్చినరోజు వెళ్ళనా మాననా అని నేనడిగితే, "వెళ్ళు, నాకెవరూ అక్కర్లేదు. మూడువందలమందికి వండినదాన్ని, నాకు నేను వండుకోలేనా" అన్నావు. అన్నయ్య పోయి అప్పటికి రెండు నెలలు. ఇంట్లో నేను ఎక్కువయ్యానని అప్పుడే తెలిసింది నాకు. తప్పు పట్టడం లేదు. తెలిసిందని చెబుతున్నాను, అంతే.

వేళకి తిను.

నీ ఆడపడుచు


ఆగస్టు 14

ఆడపడుచు గారికి,

తప్పు పట్టడం లేదంటూనే బాగా పట్టావు. ఆ మాట అన్నాను. ఇప్పుడూ అంటాను. దాని గురించి ఇంక రాయకు.

నువ్వు మేలో వెళ్తూ వెళ్తూ బిగించిన గ్యాస్ సిలిండరే ఇంకా నడుస్తోంది. ఈసారి మంచిది వచ్చినట్టుంది. కుళాయి గుడ్డముక్క ఊడింది, మళ్ళీ చుట్టాను. కుట్టుపని ఆవిడ నిన్న ఏదో పండగలా ఏడు విజిల్స్ వేయించింది. ఏం వండిందో అడగలేదు. అడిగితే తెచ్చి పెడుతుంది.

నీ పంతులమ్మ సంగతి నాకు నచ్చలేదు. పొయ్యి తుడిచి ఉందన్నావు. రోజూ వండే పొయ్యి మీద ఎక్కడో ఒక చోట పొంగిన మరక ఉంటుంది. ఎంత తోమినా పోదు. అద్దంలా ఉందంటే దానిమీద ఏమీ ఎక్కడం లేదన్నమాట. తల్లి మొహం చూసి రాసుకోకు, పాపని తూచు. పాలిచ్చే తల్లి తినకపోతే ముందు బిడ్డలోనే తెలుస్తుంది.

తిన్నాను.

వదిన


సెప్టెంబరు 8

వదినకి,

పదిహేడో గది పాప ఆసుపత్రిలో ఉంది.

నీ ఉత్తరం వచ్చినరోజు మొదటి పేరా చదివి, ఒళ్ళు మండి, మడిచి బీరువాలో పడేశాను. చివరి పేరా చదివి ఉంటే ఆరోజే పాపని తూచేదాన్ని. రెండు వారాల తర్వాత ఉత్తరం మళ్ళీ తీసి చదివి తూచాను. పుట్టగానే కాటా మీద పెట్టే పిల్లలా ఉంది, ఎత్తితే బరువే తెలియలేదు. చిన్నపిల్లల జబ్బకి చుట్టి చూసే పట్టీ ఉంటుంది మా దగ్గర. పచ్చగా చూపిస్తే బాగున్నట్టు, పసుపైతే జాగ్రత్త పడాలి, ఎరుపైతే పరుగెత్తాలి. ఎరుపు దాటి ఇంకా బిగిసింది. పరుగెత్తాం. తల్లికి పాలు లేవు. ఎప్పుడో ఎండిపోయాయట. నీళ్ళలో పంచదార కలిపి పడుతోంది.

గదికెళ్ళి మంచం కింద చూశాను. మేం ఇచ్చిన పొట్లాలు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు. బియ్యం, పప్పు, పాలపొడి, ఏ వారానివి ఆ వారం పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. గడియారాలాయనని తీసుకెళ్ళి అడిగించాను. భర్తా, పెద్దకూతురూ వస్తారట. ఆకలిగా వస్తారట. వాళ్ళకని దాచిందట. మరి తనేం తిందయ్యా అంటే, ఎవరో ఇచ్చిన రొట్టెముక్క, టీ.

రోజూ అడిగాను కదా, తిన్నానంది కదా అని నేనంటే పెద్దాయన నా వంక వింతగా చూశాడు. "అమ్మా, మా వాళ్ళలో తిన్నారా అంటే పలకరింపు. దానికి తిన్నాననే జవాబు. తినలేదంటే అడిగినవాళ్ళని పెట్టమన్నట్టు, అంతకన్న సిగ్గు లేదు. మీరు మర్యాదకి అడుగుతున్నారనుకున్నాను, రాసుకుంటున్నారని నాకు తెలియదు" అన్నాడు. నలభై గదులవాళ్ళూ నాకు మర్యాద చేశారు వదినా. నేను ఆ మర్యాదలన్నిటికీ టిక్కులు పెట్టుకున్నాను. మనలో మాత్రం తేడా ఏముంది? వీధిలో ఎవరైనా భోంచేశారా అంటే ఏనాడైనా లేదన్నామా?

అంతా నా తప్పే. కానీ కోపం కూడా వస్తోంది. చదువుకున్న మనిషి. ఎదురుగా నిలబడి అడుగుతుంటే మొహంలో మొహం పెట్టి తిన్నానని అబద్ధం చెబుతుందా? పొయ్యి వెలిగించకుండా, ఇంట్లో సరుకులుండగా, లేని మనుషుల కోసం తన కడుపు మాడ్చుకునేవాళ్ళని ఏం చెయ్యాలి? ఇలాంటివాళ్ళ సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు. నువ్వే చెప్పు.

నీ ఆడపడుచు


సెప్టెంబరు 17

అమ్మాయ్,

సూటిగా అడుగు. చుట్టూ తిప్పి ఎవరో పంతులమ్మ మీద పెట్టి నన్ను అనక్కర్లేదు.

కుట్టుపని ఆవిడ నీకు రాసింది కదూ. నాకు తెలుసు ఆవిడే. మొన్న డబ్బాలో బియ్యం పురుగు పడితే మేడ మీద ఆరబోశాను. ఎండకి పురుగు పోతుందని. గోడ మీంచి చూసి, "ఎన్నాళ్ళయిందండీ ఈ బియ్యం మీద చెయ్యి పెట్టి" అంది. నేను చేట ఎత్తుకుని కిందికి దిగిపోయాను. అంతమాత్రానికి నీకు రాస్తుందా? నా వంటింట్లో పొయ్యి వెలిగిందో లేదో లెక్క చూడ్డానికి ఆవిడెవరు? నువ్వెవరు?

అవును, మొహంలో మొహం పెట్టి అబద్ధం చెప్పాను. కాగితం మీద చెప్పాను. ఆ మాత్రం హక్కు లేదా నాకు? లేని మనుషుల కోసం కడుపు మాడ్చుకుంటున్నానని వెటకారం చెయ్యడానికి నీకు నోరెలా వచ్చింది? లేని మనిషి నీకు అన్నయ్య కాడూ?

ఆ పాప ఎలా ఉందో మాత్రం రాయి.

వదిన


సెప్టెంబరు 25

వదినా,

నాకెవరూ రాయలేదు. కుట్టుపని ఆవిడకి నా అడ్రసు కూడా తెలియదు. పదిహేడో గది నిజం, పంతులమ్మ నిజం, పాప నిజం. "నీకే బాగా తెలుసు" అన్నది ఆసుపత్రిలో అలాంటివాళ్ళని చూసి ఉంటావని. నీ గురించి నాకేమీ తెలియదు.

ఇప్పుడు తెలిసింది. నువ్వే చెప్పావు.

నీ ఉత్తరం వచ్చాక పాతవన్నీ తీసి పరిచాను. రెండింటిలోనూ తిన్నాను, తిన్నాను అని ఉంది. ఎవరి కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో ఉంది. నీ కుక్కర్ సంగతి ఒక్క మాట లేదు. నేను మేలో బిగించిన సిలిండర్ మనిద్దరమే ఉన్నప్పుడు కూడా నలభై రోజులే వచ్చేది. మంచిది వచ్చినట్టుందని నువ్వు రాస్తే నవ్వుకుని ఊరుకున్నాను. స్టోరు గుమాస్తాని, వదినా. సరుకు కదలకపోతే కనిపెట్టాల్సింది నేను. ఇక్కడ నలభై గదుల్లో చేసిన తప్పే నీ విషయంలోనూ చేశాను. నిన్ను కూడా అదే మాట అడిగి, అదే జవాబు తీసుకుని, టిక్కు పెట్టుకున్నాను.

పాపకి ముక్కులోంచి సన్నగొట్టంతో పాలు పట్టిస్తున్నారు. గ్రాముల్లో పెరుగుతోంది. నిన్న నర్సు వేలు పట్టుకుందట. ఇంకా గండం గడవలేదని డాక్టరు చెప్పింది. పంతులమ్మ మంచం పక్కనే నేల మీద కూర్చుని ఉంటుంది. నేను వెళ్తే లేచి నిలబడి మళ్ళీ తిన్నానంటుంది. ఇప్పుడు ఆ మాట అడగడం మానేశాను. కార్డులో ప్రశ్న మార్పించాను. పర్యవేక్షకురాలు ముందు గునిసింది, తర్వాత ఒప్పుకుంది. "నిన్న ఏం వండారు? ఏ గిన్నెలో? చూపించండి." గిన్నె అబద్ధం చెప్పదు.

నీకూ అదే ప్రశ్న. నిన్న ఏం వండావు? తిన్నాను అన్న మాట తప్ప ఏదైనా రాయి. తిట్టినా సరే.

నీ ఆడపడుచు


అక్టోబరు 6

అమ్మాయ్,

నిన్న ఏమీ వండలేదు. మొన్న కూడా. పొద్దున టీ, రెండు బిస్కట్లు. సాయంత్రం టీ. ఒకరోజు అటుకులు నీళ్ళలో నానేసి తిన్నాను. పాలు కాచడానికి పొయ్యి వెలుగుతుంది, అందుకే సిలిండర్ పూర్తిగా పనిలేకుండా కూర్చోలేదు.

ఆకలి వెయ్యక కాదు. చెబితే నవ్వుతావు. నువ్వెళ్ళిన మర్నాడు బియ్యం డబ్బా తెరిచాను. డబ్బాలో మీ అన్నయ్య కాఫీ గ్లాసు ఉంటుంది కదా, దానితోనే కదా కొలుస్తాను. ముగ్గురికి రెండు గ్లాసులు. ఆయన పోయాక మనిద్దరికీ గ్లాసున్నర పోసేదాన్ని, నీకు గుర్తుందో లేదో. ఆరోజు గ్లాసు ముంచి, ఎంత ఉంచాలో, ఎంత తిరిగి పోసెయ్యాలో తెలియక అలాగే నిలబడ్డాను. అరగ్లాసు అనుకున్నాను. ఆ గ్లాసులో అరగ్లాసు బియ్యం చూస్తే ఏమిటోగా అనిపించింది. డబ్బా మూతపెట్టేశాను. రేపు చూద్దాం అనుకున్నాను. అలా రేపు, రేపు అంటూ ఇప్పటిదాకా వచ్చింది.

మూడువందలమందికి కళ్ళు మూసుకుని కొలుస్తాను. ఒకరికి కొలత నాకు తెలియదు. పుట్టింట్లో పదిమంది, అత్తింట్లో ఎనిమిదిమంది, ఆసుపత్రిలో మూడువందలు, తర్వాత మనం ముగ్గురం. ఒక్కదాని కోసం ఎప్పుడూ వండలేదు. అరవై దగ్గరికొచ్చి, అంత గొప్ప హెడ్ కుక్‌ని, పక్కింటికెళ్ళి ఒక మనిషికి ఎంత పొయ్యాలండీ అని ఎలా అడగను?

ఇంకో మాట కూడా చెప్పేస్తాను, ఇన్నాళ్ళూ గొంతులో పెట్టుకున్నాను. నాకెవరూ అక్కర్లేదని ఆరోజు ఎందుకన్నానో నీకు తెలియలేదు. మిల్లు మూసేశాక రెండేళ్ళు నువ్వు కిటికీ దగ్గర కూర్చుని వీధి చూసేదానివి. ఆ కాగితం వచ్చినప్పుడు నీ మొహం చూశాను. ఉండిపో అని ఒక్కమాట అంటే ఉండిపోయేదానివి. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. అందుకని దానికి ఎదురుమాట అన్నాను. గట్టిగా అన్నాను, లేకపోతే నువ్వు నమ్మవు. ఎక్కువయ్యావని కాదే పిచ్చిదానా. నువ్వెళ్ళాక వంటింట్లో నీ పీట తీసి గోడకి ఆనించాను, మళ్ళీ వాల్చాను, మళ్ళీ ఆనించాను. ఇప్పుడు వాల్చే ఉంది.

పంతులమ్మని తిట్టకు. ఆవిడకి రావలసినవాళ్ళు ఉన్నారు, అందుకు దాచుకుంది. నేను ఎవరి కోసం దాచుకుంటున్నానో నాకే తెలియదు.

పాప సంగతి రాయి. ఎన్ని గ్రాములో రాయి.

వదిన


అక్టోబరు 15

వదినా,

రెండువందల ఎనభై గ్రాములు పెరిగింది. గొట్టం తీసేశారు. చెంచాతో మింగుతోంది. నిన్న జబ్బకి పట్టీ చుడితే పసుపు చూపించింది. ఆ పసుపు చూసి నేనూ నర్సూ ఇద్దరం ఏడ్చాం, పాప మాత్రం మమ్మల్ని చూసి నవ్వింది.

పంతులమ్మ ఎలా తినడం మొదలుపెట్టిందో చెబుతాను. ఎంత చెప్పినా పొట్లాలు విప్పనంది. పాప కోసం అంటే తలూపుతుంది, చెయ్యి మాత్రం కదలదు. చివరికి సామాన్ల గదిలో ఒక అర ఖాళీ చేసి, దాని మీద నా బేళ్ళ అక్షరాలతో అట్ట రాసి అంటించాను. "పదిహేడో గది. రావలసినవాళ్ళు ఇద్దరు." గడియారాలాయన కింద వాళ్ళ భాషలో రాశాడు. ఆవిడని తీసుకెళ్ళి చూపించి, "వాళ్ళ వాటా ఇక్కడ ఉంటుంది, వచ్చినరోజు ఇస్తాను, నీ మంచం కిందది నీది" అన్నాను. ఆవిడ చాలాసేపు ఆ అట్ట చదివింది. రోజూ పొద్దున వచ్చి ఒకసారి చూసి వెళ్తుంది. వాళ్ళ జాడ ఇంకా తెలియలేదు. మధ్యాహ్నం గిన్నె చూపిస్తుంది. అడుగున మెతుకులు ఉంటాయి.

నీకు నేను ఏ అరా ఖాళీ చెయ్యలేను వదినా. అన్నయ్య రాడు. అది రాస్తుంటే నా చేతికే కష్టంగా ఉంది. నేను కూడా ఇప్పట్లో రాలేను, మార్చి దాకా ఇక్కడ మాట ఇచ్చాను. కొలత మాత్రం పంపగలను. మా దగ్గర ఒంటరిగా వచ్చినవాళ్ళకి ఒక కొలత ఉంది, కాగితం మీద అచ్చువేసి ఇస్తాం, అదొకటి ఇందులో పెట్టాను. చిన్న టీ కప్పు నిండా బియ్యం. దానికి రెండు కప్పులు, పైన ఇంకో పావు కప్పు నీళ్ళు. గుప్పెడు పప్పు. చెంచాడు నూనె. ఒక కూర ముక్క, ఏదైనా. రెండుపూటలకి సరిపోతుంది. టీ కప్పు అని రాశాను, కాఫీ గ్లాసు కాదు. గ్లాసు కడిగి అద్దాల బీరువాలో పెట్టు. నీ బియ్యం డబ్బాలో కప్పు వెయ్యి.

మూడువందలమంది హెడ్ కుక్‌కి స్టోరు గుమాస్తా కొలత చెప్పడం, రోజులు అలా వచ్చాయి.

నిన్న ఏం వండావు?

నీ ఆడపడుచు


అక్టోబరు 26

గుమాస్తాకి,

నీ కాగితం వంటింటి గోడకి అంటించాను. "ఒంటరిగా వచ్చినవాళ్ళకి" అని పైన ఉంది. నేనెక్కడికీ వెళ్ళలేదు, ఎక్కడినుంచీ రాలేదు. ముప్పై ఏళ్ళుగా ఉన్న ఇల్లే. అయినా ఆ లెక్కలోనే పడ్డాను, అది నిజం.

గ్లాసు బీరువాలో పెట్టాను. రెండుసార్లు తీశాను, మళ్ళీ పెట్టాను. కప్పు డబ్బాలో వేశాను.

నిన్న తొమ్మిదిన్నరకి వండాను. అన్నం, పప్పు, సొరకాయ ముక్కలు. కుక్కర్ కాదు, చిన్న గిన్నెలో. కుక్కర్ ఒక్కదానికి మరీ పెద్దది. నీళ్ళు నీ లెక్కకి కాస్త ఎక్కువయ్యాయి, మీ కాగితం దిద్దుకోండి, రెండుకప్పులు చాలు. మొదటిరోజు కప్పుడే కదా, నేనే చెప్పాను కదా, అందుకని కొంచెమే పెట్టుకున్నాను. నీ పీట మీద కూర్చుని తిన్నాను. నాలుగో ముద్ద దగ్గర ఆగిపోయాను, కాసేపు కళ్ళు తుడుచుకుని మళ్ళీ తిన్నాను. గోడవతల విజిల్స్ వచ్చాయి. ఈసారి వాటిని లెక్కపెట్టలేదు, చెయ్యి కడుక్కోవడానికి లేచాను.

ఒక్కటి అడుగుతాను, జవాబు రాయి. ఇన్ని ఉత్తరాల్లో పాప ఏం తిందో, పంతులమ్మ ఏం తిందో, ముప్పైమంది ఏం తాగారో అన్నీ రాశావు. గోడ ఎదురుగా ఉన్న ఆ గదిలో నువ్వేం తింటున్నావో ఒక్కసారీ రాయలేదు. ఆ కాగితం నీ గోడకి కూడా ఒకటి అంటించుకో. నిన్న నువ్వేం వండుకున్నావు? ఏ గిన్నెలో?

గిన్నె చూపించమంటావని ఉంచాను, కానీ ఉత్తరం చేరేదాకా ఉంచలేక కడిగేశాను. అన్నం పొంగి పొయ్యి మీద మరక పడింది. అది తుడవలేదు.

వదిన